రెస్టు దొరికిన రోజే క్రిస్మస్

గార్డు బాబాయి పోయాడన్న కబురు మే నెలలో, మిట్టమధ్యాహ్నం, నేను కూలర్లో నీళ్లు పోస్తుండగా వచ్చింది. ఫోను పెట్టేసి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయి, "అయ్యో, మావయ్యగారు ఈ ఏడాది క్రిస్మస్ ఇంకా చెయ్యనేలేదు కదండీ" అంది.

మే నెలలో ఆ మాట ఎవరైనా పరాయివాళ్లు వింటే పాపం ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లెవరూ అనుకోరు. మాకు క్రిస్మస్ అంటే మామిడిపళ్ల కాలంలో వచ్చేది. లేదా వానల్లో వచ్చేది. లేదా దీపావళి టపాకాయల వాసన ఇంకా పోకముందే వచ్చేది. డిసెంబరులో తప్ప ఎప్పుడైనా వచ్చేది. లోకమంతా క్రిస్మస్ అంటుంది గానీ, ఇన్ని మాసాల్లో వచ్చేదాన్ని క్రిస్‌మాసం అనాలని నేనొకసారి అంటే బాబాయి చాలా సంతోషించి, నాకు ఇంకో కేకు ముక్క వేశాడు. నా జోకులకి ప్రతిఫలం ముట్టజెప్పిన మనిషి ఆయనొక్కడే.

ఆయనకీ మాకూ రక్తసంబంధం లేదు, రైలు సంబంధం. మా తాత బొబ్బిలి వైపు నుంచి, ఆయన తండ్రి పలాస వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడ పడ్డారు. వాళ్లు చర్చికి వెళ్తారు, మేం గుడికి వెళ్తాం. మిగతా అన్నిచోట్లకీ కలిసే వెళ్తాం. ఆయన గూడ్సు బండి గార్డు. ఆఖర్లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. "పేరులోనే చెప్పీసారు కదరా, మేనేజ్ చేసుకోమని" అనేవాడు. పేరు మారినా ఆ డబ్బా మారలేదు. బండి చివర, ఊగుతూ, సరైన లైటు లేక, వేసవిలో పెనంలాగా చలికాలంలో ఐసుపెట్టెలాగా ఉండే గార్డు డబ్బా అది. ముప్పై ఏళ్లకి పైగా అందులో నిలబడి నిలబడి, ఆయన సిమెంటు గచ్చు మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టుకుని, నేల ఎప్పుడు ఊగుతుందో తెలియదన్నట్టే నిలబడేవాడు.

చివర్న ఉండటం ఆయనకి ఒంటికి పట్టేసింది. పెళ్లి పంక్తుల్లో ఆఖరి ఆకు ఆయనది. ఫొటోల్లో వెనక వరసలో ఆఖరి తల ఆయనది. "ముందెల్లీవోడికి ముందేటుందో తెలిస్తే చాలు. చివర ఉన్నోడు అందరూ ఉన్నారో లేదో చూసుకోవాల" అనేవాడు. వాళ్లింటికి ఎవరు వెళ్లినా, వెళ్లిపోయేటప్పుడు గేటు దాకా వచ్చి, కుడిచేయి పక్కకి చాపి నిలబడేవాడు. చేతిలో జెండా లేదనే గానీ అచ్చంగా పచ్చజెండా చూపించడమే. మనం వీధి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దిగదు. కాలేజీ రోజుల్లో స్నేహితులతో సైకిలు మీద వెళ్తుంటే వెనకనుంచి ఆయన అలా చెయ్యి చాపి నిలబడటం నాకు చెప్పలేనంత నామోషీగా ఉండేది. "వో తేరా చాచా హై క్యా?" అని వాళ్లు అడిగితే, కాలనీ చాచా అనేవాణ్ణి, సొంత బాబాయి కాదన్నట్టు.

ఆయన క్రిస్మస్ ఎందుకు ఊరేగేదంటే, కారణం చాలా మామూలుది. గార్డులకి డ్యూటీలు వేసే ఆఫీసుని లాబీ అంటారు. సంవత్సరం చివర మిగిలిన సెలవులు మురిగిపోతాయని అందరూ డిసెంబరు ఆఖరి వారంలోనే సెలవు పెట్టేస్తారు. బొగ్గు బళ్లకి మాత్రం సెలవుండదు. ఎవరో ఒకరు ఎక్కాలి. ఎవరు అడిగినా కాదనని మనిషి ఒకడు ఉంటే లాబీకి వెతుక్కోవలసిన పనేముంది? దసరాకి మా నాటకంలో రావణుడు వేసేది ఇంకో గార్డు. అతని బదులు బాబాయి బండెక్కేవాడు. దీపావళికి మరొకరి బదులు. హోలీకి ఇంకొకరి బదులు. ఇలాంటి రాయబారాలకి తెలుగు సంఘం కార్యదర్శిగా వెళ్లేది నేనే. కార్యం తక్కువ, దర్శనం ఎక్కువ అయిన కార్యదర్శిని గనక అది నాకు నచ్చిన పని. వెళ్లగానే పిన్ని టీ ఇచ్చేది. నేను నోరు తెరవకముందే బాబాయి, "ఎవుడికిరా ఛుట్టీ కావాల?" అనేవాడు.

"మీ పండగలకి పంతులు ముహూర్తం పెడతాడు. నా పండక్కి లాబీ పెడతాది" అని నవ్వేవాడు. "క్రిస్మస్ కాదురా ఇది, కిస్మత్."

డిసెంబరు ఇరవై ఐదున ఆయన ఎక్కడుండేవాడో ఒకసారి చెప్పాడు. బిల్హా దగ్గర, ఎక్స్‌ప్రెస్‌లకి దారివ్వడానికి, పక్కనుండే లూపు లైన్లో బండి నిలబెట్టేశారట. పొలాల్లో మంచు, డబ్బాలో ఈయన. వాకీటాకీలో స్టేషన్ మాస్టరు గొంతు: "హ్యాపీ క్రిస్మస్, గార్డు సాబ్! ముందు మూడు ఎక్స్‌ప్రెస్‌లున్నాయి, ఆరామ్ సే కూర్చోండి." "నాకు ఆ ఒక్క విషెసే వచ్చింది ఆ రోజు. బాగా చెప్పాడురా పాపం" అన్నాడు బాబాయి. ఆయన చెప్పిన పద్ధతికి మేమందరం పడీపడీ నవ్వాం.

కాబట్టి ఆయనకి పెద్ద రెస్టు ఎప్పుడు దొరికితే అప్పుడే క్రీస్తు. అది ముందుగా తెలియదు గనక ముందుగా పిలవడం కుదరదు. అసలు పిలవడమంటేనే ఆయనకి గిట్టదు. ఉద్యోగం మొదట్లో లాబీ నుంచి మనిషి వచ్చి, నిద్రలోంచి లేపి, డ్యూటీకి రమ్మని సంతకం పెట్టించుకునేవాడు. తరవాత ఆ పని ఫోను చేసింది. "నా బతుకంతా కాల్, కాల్, కాల్. నా ఇంట్లో కాల్ ఉండకూడదు. సిగ్నలుంటాది. చూసుకుని వచ్చీయండి" అన్నాడు. ఆ సిగ్నలు ఒక కాగితం స్టారు. లోపల బల్బు. బుధవారీ బజారులో కొన్నది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఇరవై నాలుగు గంటలైనా తనని ఎవరూ లేపరని తేలగానే, వరండాలో అది వేలాడేది. పగలైనా వెలుగుతూనే ఉండేది. అది చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పేవారు. సాయంత్రానికి తెలుగు కుటుంబాలన్నీ ఆ వాకిట్లో ఉండేవి. ఈ లోపల పిన్ని కుక్కర్లో ఇసక పోసి కేకు పెట్టేసేది. గులాబీ పువ్వులు, గవ్వలు డబ్బాల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఆవిడకి సంవత్సరమంతా డిసెంబరు ఇరవై నాలుగే.

వడ్డనకి ముందు బాబాయి జేబులోంచి విజిల్ తీసి ఊదేవాడు. అప్పుడు మొదలయ్యేది మేం ప్రపంచ వార్తలు అని పేరు పెట్టిన ఉపన్యాసం. ఆయన మేనకోడలు మెల్‌బోర్న్‌లో నర్సు. ఆ పిల్ల ఫోన్లో చెప్పినవీ, చర్చిలో విన్నవీ, తను ఊహించినవీ కలిపి, ఈసారి మన క్రిస్మస్ ఏ దేశానిదో ప్రకటించేవాడు.

మేలో అయితే ఆస్ట్రేలియా. "ఏటనుకుంటున్నారు? అక్కడ డిసెంబరంటే మనకి మేలాగే. ఉక్కపోత. చర్చి నుంచి తిన్నగా సముద్రానికే పోతారట. శాంతా క్లాసు నిక్కరేసుకుని ఇసకలో తిరుగుతాడట."

"మరి బండి లాగీ జింకలో మావయ్యగారూ? ఆ ఎండకి చచ్చిపోవూ?" అనేది మా ఆవిడ.

"జింకలెందుకమ్మా అక్కడ? కంగారూలు కట్టీసుంటారు. గెంతుకుంటూ ఇంకా బేగి వస్తాయి."

ఆ ఎండలో కేకు మీద క్రీము కారి బల్లమీదకి వచ్చేసేది. గ్లాసుల్లో మామిడికాయ పన్నా, పళ్లెంలో పుచ్చకాయ ముక్కలు. అందరం చెమటలు కక్కుతూ, ఒకరికొకరం హ్యాపీ క్రిస్మస్ చెప్పుకుంటూ.

జులైలో వానకి స్టారు మీద గొడుగు కట్టేవాడు. అప్పుడు కూడా ఆస్ట్రేలియానే. "అక్కడ కొంతమందికి ఎండలో చేస్తే తనివి తీరక, జులైలో చలికాలం వచ్చాక ఇంకోటి చేసుకుంటారట. మనదీ ఆ బాపతే" అని వేడి పకోడీలు పెట్టించేవాడు. సెప్టెంబరైతే ఫిలిప్పీన్స్, వాళ్లు ఆ నెలనుంచే, వానల్లోనే పాటలు పెట్టేస్తారట. జనవరి మొదట్లో అయితే రష్యా, ఇథియోపియా. "వాళ్లిద్దరికీ ఏడో తారీకున. పక్కపక్క దేశాలు కదా, మాట్లాడుకుని పెట్టుకునుంటారు."

"పక్కపక్క కాదు బాబాయ్. ఒకటి మంచు, ఒకటి ఆఫ్రికా" అన్నాను, చదువుకున్నవాణ్ణని అందరికీ గుర్తుచేయడానికి.

"గూడ్సు బండిలో ఎల్లు, అన్నీ దూరమే. ప్లేట్లు అందుకోరా" అన్నాడు.

ఒకసారి కొంచెం సీరియస్‌గానే అడిగాను, తారీఖు కాని తారీఖున చేస్తే మీ దేవుడు ఊరుకుంటాడా అని. బాబాయి చేతిలో ప్లేటు పక్కన పెట్టాడు. "ఆయన పుట్టినప్పుడు గొర్రెలోళ్లు రాత్రి బయటే పడుకున్నారని రాసుంది. అంటే మరీ చలి లేదన్నమాట. ఎండాకాలమో ఏటో, ఎవుడు చూశాడు? భూమ్మీద ఒక దగ్గర ఎండ, ఒక దగ్గర చలి. ఆయన అన్నింటికీ వస్తన్నాడు కదా. నా దగ్గరికి మేలో వస్తాడు. వచ్చి ఈ ఎండేటని అడగడు."

కానీ ప్రతి ఉపన్యాసమూ ఒకే మాటతో ముగిసేది. ఏ దేశంలో మొదలెట్టినా అక్కడికే వచ్చి ఆగేవాడు. "రిటైరైన సంవత్సరం మాత్రం లోకంతో పాటే. డిసెంబరు ఇరవై ఐదునే. పొద్దున్న చర్చి, మధ్యాహ్నం మీరంతా నా వాకిట్లో. ఒక్కసారి. ఒక్కసారైనా అసలు రోజున మిమ్మల్నందర్నీ కూర్చోబెట్టి నేను వడ్డించాల." అప్పుడు మాత్రం విజిల్ ఊదడు, జోకు వెయ్యడు. పిన్ని కేకు కోస్తున్నది ఆపి ఆయన వైపు చూసేది. మేం, "తప్పకుండా బాబాయ్" అని చేతులు చాపేవాళ్లం, కేకు కోసం.

నిరుడు అక్టోబరు ఆఖరున ఆయన రిటైరయ్యాడు. సంఘం తరఫున శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చాం. జీవితమంతా గడియారానికి కట్టుబడ్డ మనిషికి ఇంకో గడియారం ఇవ్వాలని తోచిన బుర్ర కార్యదర్శిదే. నేను మైకు పట్టుకుని, "ఇకనుంచి మా బాబాయికి పన్నెండు నెలలూ క్రిస్మస్సే" అన్నాను. హాలంతా నవ్వింది. ఆయన లేచి రెండే మాటలన్నాడు. "ఈసారి డిసెంబరు ఇరవై ఐదునే. చూసుకోండి మరి." చప్పట్లు కొట్టాం.

రిటైరయ్యాక కొన్నాళ్లు క్వార్టరు ఉంచుకోనిస్తారు. నది అవతల సర్కండాలో చిన్న ఇల్లు చూసుకున్నా, క్రిస్మస్ అయ్యేదాకా కాలనీలోనే ఉంటామన్నాడు. మేం అంతమందిమీ నది దాటి రానక్కర్లేకుండా.

డిసెంబరొచ్చింది. ఇరవై ఐదు సెలవు గనక తెలుగు సంఘం పిక్నిక్ ఆ రోజే పెట్టాం. రతన్‌పూర్ గుడి, అక్కణ్ణుంచి డ్యాము. బస్సు మాట్లాడింది నేను. ఫోన్లో గ్రూపులో మెసేజి పెట్టింది నేను. ఆ గ్రూపులో బాబాయి కూడా ఉన్నాడు. ఎవరికీ ఏమీ తట్టలేదు. ఇరవై ఐదు ఆయన పండగ కాదని మా అందరి ఒంట్లోనూ ఎంత ఇంకిపోయిందంటే, ఆయన స్వయంగా, మైకు ముందు, ఆ తారీఖు చెప్పినా అది మా చెవుల్లో ఆయన జోకుల్లో ఒకటిగానే పడింది. ఆయన క్రిస్మస్ ఎప్పుడొస్తుందో మాకు తెలుసు: స్టారు వెలిగినప్పుడు.

డిసెంబరులో స్టారు ఎవరింట్లో వెలగదు? ఆ వరసలో క్రైస్తవుల ఇళ్లన్నిటికీ స్టార్లే. వాళ్లని చూసి పిల్లలు గోల పెడితే మా ఇంటికీ ఒకటి కట్టాను, చైనాది, రంగులు మారేది. ఎండాకాలంలో వీధి మొత్తానికి ఒక్కటే అయిన బాబాయి కాగితం స్టారు, ఆ వెలుగుల్లో మాకు ఏమీ చెప్పలేదు.

ఆ పొద్దున్న నేను ఆయనకి గులాబీలూ గంటలూ ఉన్న శుభాకాంక్షల బొమ్మ ఒకటి ఫోన్లో పంపాను. నాకెవరో పంపితే దాన్నే ఆయనకి తోశాను. వెంటనే జవాబొచ్చింది: ఒక స్టారు బొమ్మ. మాటేమీ లేదు. నేను దానికో దండం బొమ్మ పెట్టి బస్సెక్కాను.

బస్సు ఆయన గేటు ముందునుంచే వెళ్లింది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు. కొత్త చొక్కా, పైన స్వెట్టరు, తల నున్నగా దువ్వుకుని వరండాలో ఉన్నాడు. బస్సు స్పీడ్ బ్రేకరు దగ్గర నెమ్మదించగానే గేటు దాకా వచ్చాడు. నేను కిటికీలోంచి, "హ్యాపీ క్రిస్మస్ బాబాయ్!" అని అరిచాను. బస్సంతా అరిచింది.

"ఏటిరా, ఎక్కడికి అంతా?"

"రతన్‌పూర్ బాబాయ్! పిక్నిక్కు! గ్రూపులో పెట్టాను కదా!"

"అచ్ఛా, అచ్ఛా. మధ్యాహ్నానికి వచ్చీస్తారనుకున్నాను."

"మధ్యాహ్నానికేం వస్తాం? వంటలు అక్కడే!"

"అచ్ఛా" అన్నాడు మళ్లీ. ఒక్క క్షణం గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అనబోయాడని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు డ్రైవరు గేరు మార్చాడు. బాబాయి కుడిచేయి పక్కకి చాపాడు. వెనక సీట్లో పిల్లలు టాటా చెప్పారు. మా ఆవిడ వెనక్కి తిరిగి, "మావయ్యగారు కూడా స్టారు వెలిగించారండీ, పట్టపగలు" అంది. "డిసెంబరు కదా, అందరూ వెలిగిస్తారు" అన్నాను.

ఆయన భోజనానికి పిలవదలచిన వాళ్లందరూ, ఒక్కరు మిగలకుండా, ఆ ఒక్క బస్సులోనే ఉన్నారు. మలుపు తిరిగేదాకా పచ్చజెండా చూపించి పంపించాడు.

మర్నాడు పొద్దున్న పిన్ని పెద్ద స్టీలు డబ్బాతో మా ఇంటికొచ్చింది. నిండా బిరియానీ. వెనక రిక్షాలో ఇంకా డబ్బాలున్నాయి.

"ఏటత్తయ్యా ఇంత?" అంది మా ఆవిడ.

"మిగిలిపోయిందమ్మా. వేడి చేసుకుని తినండి. పాడవలేదు, చలి కదా." ఆవిడ కూర్చోలేదు. "ఇంకో నాలుగిళ్లకి ఇవ్వాల."

"ఎవరైనా వచ్చారేటి నిన్న?" అని మా ఆవిడ అడిగింది. అడిగేటప్పటికే ఆవిడ మొహంలో రంగు మారుతోంది. నాకు కొంచెం ఆలస్యంగా మారింది. నాకన్నీ ఆలస్యమే.

పిన్నికి నిష్ఠూరాలాడటం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "టెంట్ హౌసు నుంచి కుర్చీలు తెప్పించాడమ్మా. మీ బస్సెల్లాక, నేను, మరేటి చేద్దాం, పొయ్యి ఆపీమంటావా అన్నాను. వద్దు, ఆకలేసి మధ్యలోంచి వచ్చీవోళ్లు ఎవరైనా ఉంటారేమో అన్నాడు. మధ్యాహ్నం మెల్‌బోర్న్ నుంచి మేనకోడలు ఫోను. వీడియో. అక్కడ ఎండ మండిపోతందట, వాళ్లంతా ఐసులు తింటన్నారు. 'మావయ్యా, అసలు రోజున అందరూ వస్తారన్నావ్ కదా, ఏరీ, చూపించు' అంది. ఆయన ఫోను అటు తిప్పాడు. కుర్చీలే ఉన్నాయి. 'ఇంకా రాలేదమ్మా, ఇక్కడ చలి, ఎవరూ బేగి లేవరు' అన్నాడు."

"ఒక్క మాట బస్సు దగ్గర చెప్పొచ్చు కదా అత్తయ్యా" అంది మా ఆవిడ.

"నేనూ అదే అన్నానమ్మా. సిగ్గేసిందట. ఇన్నేళ్లూ పిలవను, పిలవనని గొప్పలు పోయి, ఇప్పుడు బస్సాపి భోజనానికి రండని అడుక్కుంటానేటి అన్నాడు." అని, డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసి, రిక్షా దగ్గరికి వెళ్లిపోయింది.

నేను చెప్పులేసుకుని వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో బాబాయి ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పేరుస్తున్నాడు. నన్ను చూసి, దొరికిపోయినవాడిలా, చేతిలోని కుర్చీ కింద పెట్టేశాడు. సిగ్గుపడవలసినవాణ్ణి నేను. పడుతున్నది ఆయన.

"ఏరా, డ్యాములో నీళ్లున్నాయేటి?" అన్నాడు.

"బాబాయ్..."

"అరే, ఛోడ్, వదిలీ. తప్పు నాదేరా. వీధంతా స్టార్లే. అందులో నాదేదో మీకెలా తెలుస్తాది? సిగ్నలు కనబడకపోతే డ్రైవరు తప్పేటి?"

నేను రైల్వే ఇంట్లో పుట్టాను. మా కాలనీలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన రూలు ఒకటుంది. సిగ్నలు సరిగ్గా కనబడకపోతే, ఉండవలసిన చోట లేకపోతే, బండి ఆపాలి. ఆపి తెలుసుకోవాలి. ఆపకపోతే అది డ్రైవరు తప్పే, ఇంకెవరిదీ కాదు. సర్వీసంతా ఆ రూలుకి కాపలా కాసిన గార్డు, నా మొహం చూసి, నా కోసం దాన్ని తిరగరాశాడు. అది నాకు అర్థమైంది. అర్థమై కూడా, తప్పించుకోమని ఆయన అందించిన చెయ్యి పట్టుకున్నాను.

"అదే కదా బాబాయ్" అన్నాను. "ఒక్క మాట పిలిచుంటే అందరం వచ్చేసేవాళ్లం."

ఆయన నా వైపు చూశాడు. నవ్వే ముందు ఆయన కళ్ల పక్కన ముడతలు పడేవి. పడ్డాయి, కానీ నవ్వు రాలేదు. "అవును. పిలవాల్సింది" అన్నాడు. తరవాత, నేను ఇబ్బందిపడుతున్నాననుకున్నాడేమో, "మేలో చేద్దాంలే. ఆస్ట్రేలియా" అన్నాడు. తప్పకుండా అన్నాను. కుర్చీలు రిక్షా ఎక్కించడానికి ఓ చెయ్యి వేశాను. ఇంటికొచ్చి ఆ బిరియానీ తిన్నాను. బాగుంది. అదొక్కటీ చెప్పకుండా ఉండలేను, చాలా బాగుంది.

ఫిబ్రవరిలో వాళ్లు సర్కండా మారిపోయారు. వంతెన దాటితే అయిపోయే దూరం. ఓసారి వెళ్లాలి అని మా ఇంట్లో రోజూ అనుకునేవాళ్లం. నేను ఎందుకు వెళ్లలేదో నాకు తెలుసు. ఆయన మళ్లీ తప్పు తనదే అంటాడని భయం.

మేలో ఒక పొద్దున్న, టీ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట.

కబురు తెలిసిన గంటలో కాలనీ తెలుగువాళ్లందరం బయల్దేరాం. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆటోల్లో, స్కూటర్ల మీద, ఎండలో, నది దాటుకుని. సెలవు లేనివాళ్లు సెలవు పెట్టారు. మా దసరా రావణుడు డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు. ఆ చిన్న ఇంటి ముందు నిలబడటానికి చోటు లేదు. పక్కింటివాళ్లు కుర్చీలు తెచ్చి వేశారు, చాల్లేదు.

పిన్ని గుమ్మంలోకి వచ్చింది. ఏడవటం అయిపోయిన మొహం. చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని, ఎండలో నిలబడ్డ మమ్మల్నందర్నీ ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసింది. పేరు పేరునా చూసింది.

"అందరూ వచ్చీసారు" అంది, పక్కనున్న చర్చి ఆవిడతో. "ఒక్కళ్లు మిగల్లేదు."

ఆ మాటలో వెతికితే నిష్ఠూరం దొరుకుతుందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను. లేదు. ఉంటే ఎంత బాగుండును. ఆడవాళ్లు లోపలికి వెళ్లారు, మగవాళ్లు ఒకరొకరూ వెళ్లి చూసి వస్తున్నారు. నేను మాత్రం గోడ నీడలో, ఆఖర్న నిలబడ్డాను.

పిన్ని నన్ను చూసింది. అందరికీ వినబడేలా, నా పేరు పెట్టి, "బయటే ఉండిపోయావేటి నాన్నా? లోపలికి రా" అంది.

పిలిచింది గనక వెళ్లాను.